బ్యాటరీ మార్చాలా, వాచీ మార్చాలా?

కొన్న కొత్తలో ఉదయం పెట్టుకున్న స్మార్ట్‌వాచ్ రాత్రి పడుకునే వేళకు కూడా ఇంకా సగం చార్జింగ్‌తో ఉండేది. నాలుగేళ్లయ్యాక సాయంత్రం కాకుండానే ఎరుపు గీత చూపిస్తోంది. ‘చార్జింగ్ నిలబడట్లేదు’ అని ఇంట్లోనో ఆఫీసులోనో అంటే ‘పాతదైపోయింది, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది తీసుకో’ అంటారు. చాలామంది ఆ మాట విని పాతిక, ముప్పై వేలు పెట్టేస్తారు. పాతైంది వాచీయా, దాని లోపలి బ్యాటరీ ఒక్కటేనా అని ఆలోచించరు.

ఈ అధ్యాయం ఆ తేడా గురించే. స్మార్ట్‌వాచ్‌లో ప్రాసెసర్, మెమొరీ, గుండె లయను చూసే ఆకుపచ్చ దీపాలు, కదలికను పట్టే సెన్సర్, తెర అన్నీ దెబ్బ తగలకపోతే ఏళ్ల తరబడి పనిచేస్తాయి. కచ్చితంగా అరిగేది బ్యాటరీ. టైరు అరిగిందని ఎవరూ స్కూటరు అమ్మేయరు, టైరు మారుస్తారు. బ్యాటరీనీ అలాగే చూడాలని నేను గట్టిగా నమ్ముతాను. అయితే ఎప్పుడూ మార్చడమే సరైన పని కాదు. ఎప్పుడు సరైనదో, ఎప్పుడు డబ్బు దండగో లెక్క తేల్చుకునే దారి ఉంది.

ముందు బ్యాటరీ ఎందుకు అరుగుతుందో చూద్దాం. 1991లో సోనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ జాతికి చెందినదే మీ వాచీలోనిదీ. చార్జ్ చేసినప్పుడల్లా లిథియం అయాన్లు ఒక వైపు నుంచి రెండో వైపున్న గ్రాఫైట్ పొరల్లోకి వెళ్తాయి, వాడుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. ప్రతి రాకపోకలోనూ కాస్త లిథియం గ్రాఫైట్ మీద సన్నని పొరగా పేరుకుపోయి, మళ్లీ పనికి రాకుండా పోతుంది. అందుకే ఏడాదికేడాది బ్యాటరీలో పట్టే చార్జింగ్ తగ్గుతుంది. దాంతోపాటు లోపలి నిరోధం పెరుగుతుంది. వాచీ ఇరవై శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆరిపోవడానికి కారణం ఇదే. నడకలో జీపీఎస్, ఫోన్ కాల్ ఒకేసారి కరెంటు అడిగితే ముసలి బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది, వాచీ తనను తాను ఆపేసుకుంటుంది.

ఫోన్‌లో ఇదే జరిగినా అంతగా తెలియదు, ఎందుకంటే ఇప్పుడు ఫోన్లలో 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ మామూలైపోయింది. శాంసంగ్ గెలాక్సీ వాచ్ 4 చిన్న సైజులో ఉన్నది 247 ఎంఏహెచ్, అంటే ఇరవయ్యో వంతు. అంత చిన్న పాత్రలోంచి ఐదో వంతు పోతే సాయంత్రానికే లోటు తెలుస్తుంది.

ఎంత కాలానికి పోతుందన్నది మీరు ఎన్నిసార్లు చార్జ్ చేస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది. 1,000 పూర్తి చార్జింగ్ చక్రాల తర్వాత కూడా 80 శాతం దాకా సామర్థ్యం మిగిలేలా తమ వాచీ బ్యాటరీలను తయారు చేస్తున్నామని ఆపిల్ చెబుతుంది. పూర్తి చక్రమంటే మొత్తం మీద నూరు శాతం వాడటం. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక్క చక్రం. రోజూ చార్జ్ చేయక తప్పని వాచీ ఏడాదికి దాదాపు మూడు వందల చక్రాలు పూర్తి చేస్తుంది, మూడేళ్లు దాటేసరికి ఆ వెయ్యి అయిపోతాయి. అదే గార్మిన్ లాంటి వాటిలో రెండు వారాలు వచ్చే మోడల్‌కు ఏడాదికి ఇరవై ఆరు చక్రాలు చాలు. అలాంటి వాచీని నాలుగో ఏట ‘బ్యాటరీ పోయింది’ అని తీసేసే ముందు బాగా అనుమానించాలి. అక్కడ చక్రాల కంటే వేడి, వయసు ముఖ్యం.

వేడి మనకు దగ్గరి విషయం. ఆపిల్ తన వాచీని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో చెప్పనక్కర్లేదు. మణికట్టు మీద ఉన్నంతసేపు ఒంటి చలువ కొంత కాపాడుతుంది. అసలు హాని ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద వదిలేసినప్పుడు, వేడి గదిలో నూరు శాతం దాకా చార్జింగ్‌లో ఉంచినప్పుడు జరుగుతుంది. నిండుగా ఉన్న బ్యాటరీకి వేడి తగిలితే అరుగుదల వేగం పెరుగుతుంది.

ఇప్పుడు మీ వాచీ సంగతి. ఆపిల్ వాచ్ అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ, అందులో బ్యాటరీ హెల్త్ తెరిస్తే ఎంత శాతం మిగిలిందో కనిపిస్తుంది. 80కి దిగితే మార్చే వేళ దగ్గరపడినట్టే. 88 చూపిస్తూ కూడా రోజు గడవట్లేదంటే తప్పు ఇంకెక్కడో ఉంది. ఇలాంటి అంకె చూపించని వాచీలకు ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. రాత్రి నూరు శాతం చేసి, విమానం గుర్తు నొక్కి సంబంధాలన్నీ ఆపేసి, తెర ఎప్పుడూ వెలిగే పద్ధతినీ ఆపి బల్ల మీద పెట్టండి. తెల్లారి చూస్తే కొద్దిగానే తగ్గి, పగలు మాత్రం వేగంగా పడిపోతుంటే బ్యాటరీ కాదు, వాడకమో సాఫ్ట్‌వేరో తినేస్తోంది. ఏ పనీ చేయకుండా రాత్రికి రాత్రే బాగా దిగిపోయినా, నలభై నుంచి ఒక్కసారిగా పదిహేనుకు దూకినా బ్యాటరీని అనుమానించాలి.

తప్పు వాడకంలోనే ఉంటే చాలామంది బాధ ఇక్కడే తీరిపోవచ్చు. తెర నిరంతరం వెలుగుతూ ఉండటం, రాత్రంతా రక్తంలో ఆక్సిజన్ కొలవడం, సిగ్నల్ సరిగ్గా అందని చోట సిమ్ ఉన్న వాచీ టవర్ కోసం వెతుక్కోవడం, ఎవరో తయారు చేసిన అందమైన వాచ్‌ఫేస్ క్షణక్షణం కదులుతూ ఉండటం, ఇవన్నీ చార్జింగ్ తాగేస్తాయి. కుటుంబం గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పిల్లల బడి గ్రూపు, మూడింటి వాట్సాప్ సందేశాలూ మణికట్టు మీదికి వస్తుంటే తెర రోజుకు కొన్ని వందలసార్లు వెలుగుతుంది. ఫోన్లో ఎలాగూ చూస్తారు కాబట్టి వాచీకి వాటిని ఆపేయండి. కొత్త అప్‌డేట్ పడిన మొదటి ఒకటి రెండు రోజులు చార్జింగ్ త్వరగా దిగడం మామూలే, ఆ రోజుల్లో తీర్పు ఇవ్వొద్దు. ఫోన్‌తో జత విడదీసి మళ్లీ కలిపితే నయమయ్యే వాచీలూ ఉన్నాయి. ఇవన్నీ చేశాక కూడా రోజు గడవకపోతే బ్యాటరీ అరిగిందని నమ్మొచ్చు.

అప్పుడు మూడు గడువులు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటిది బ్యాటరీ గడువు, అది అయిపోయిందని తేలింది, కొత్తది వేస్తే ఇంకో మూడు నాలుగేళ్లు. రెండోది సాఫ్ట్‌వేర్ గడువు. మూడోది మీ అవసరం గడువు. ఈ చివరి రెండిట్లో ఏది ముందు ముగుస్తుందో అంతవరకే కొత్త బ్యాటరీ మీకు ఉపయోగపడుతుంది. కొత్త బ్యాటరీకి నాలుగేళ్ల ఆయుష్షున్నా వాచీకి ఏడాదే మిగిలి ఉంటే మీరు కొన్నది ఏడాదే.

సాఫ్ట్‌వేర్ గడువు కంపెనీ చేతిలో ఉంటుంది, దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. 2024లో వచ్చిన వాచ్‌ఓఎస్ 11, ఆపిల్ వాచ్ సిరీస్ 4, 5, మొదటి తరం ఎస్ఈలను వదిలేసింది. 2025 సెప్టెంబరులో వచ్చిన వాచ్‌ఓఎస్ 26 సిరీస్ 6నూ ఆ తర్వాతి వాటినీ ఉంచింది. అంటే ఒకే ధరకు బ్యాటరీ మార్పించుకున్నా సిరీస్ 5 ఉన్నవారికీ సిరీస్ 7 ఉన్నవారికీ దక్కే ఫలం ఒకటి కాదు. శాంసంగ్ 2021లో గెలాక్సీ వాచ్ 4తో వేర్ ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కు మారింది. అంతకుముందు వాచీల్లో వాడిన టైజెన్ యాప్ స్టోర్‌ను 2025లో మూసేసింది. పెబుల్ వాచీల కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 2012లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం నుంచి డబ్బు సేకరించిన ఆ కంపెనీ 2016లో మూతపడింది, ఆస్తులు ఫిట్‌బిట్‌కు వెళ్లాయి, 2018లో సర్వర్లు ఆపేశారు. బ్యాటరీ బాగున్న వాచీలు కూడా సగం పనులు మర్చిపోయాయి. అభిమానులు రెబుల్ పేరుతో సొంత సర్వర్లు నడిపి వాటిని బతికించుకున్నారు. 2025 జనవరిలో గూగుల్ ఆ సాఫ్ట్‌వేర్ కోడ్‌ను అందరికీ విడుదల చేసింది. అంతటి అభిమానం ప్రతి వాచీకీ దొరకదు.

అప్‌డేట్లు ఆగిన మర్నాడే వాచీ ఆగిపోదు. సమయం చూపిస్తుంది, అడుగులు లెక్కపెడుతుంది. భద్రతా లోపాలను సరిదిద్దే పని మాత్రం ఆగుతుంది, కొన్నాళ్లకు యాప్‌లు ఒక్కొక్కటే వెనకబడతాయి. అడుగులు, అలారం, కాల్ వస్తే కంపనం చాలనుకునేవారికి ఇది పెద్ద లోటు కాదు. ఆరోగ్య వివరాలూ చెల్లింపుల వివరాలూ వాచీలో పెట్టుకున్నవారికి పెద్ద లోటే.

విడిభాగాలకూ గడువుంది. ఆపిల్ ఏదైనా మోడల్ అమ్మడం ఆపిన ఐదేళ్లకు దాన్ని పాత తరం జాబితాలోకి, ఏడేళ్లకు సేవలు అందని జాబితాలోకి చేరుస్తుంది. ఐదేళ్లు దాటితే భాగాలు ఉంటేనే రిపేరు, ఏడేళ్లు దాటితే దాదాపు లేనట్టే. ‘ఇంకో రెండేళ్లు ఇలాగే లాగించి అప్పుడు మారుద్దాం’ అనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. మార్చాలనుకుంటే వాచీ ఇంకా పడుచుగా ఉండగానే మార్చాలి. నాలుగో ఏట వేయించిన బ్యాటరీ రెండు మూడేళ్ల నిశ్చింత ఇస్తుంది, ఏడో ఏట వేయించినది అంత ఇవ్వదు.

మూడో గడువు మీరే నిర్ణయించాలి. ఒక వారం పాటు వాచీ వైపు ఎందుకు చూశారో చిన్న కాగితం మీద రాయండి. సమయం, నడక, కాల్, సందేశం, నిద్ర, గుండె లయ, వీటి ఎదురుగా గీసుకున్న గీతలే మీ అవసరమేమిటో చెబుతాయి. వారం తర్వాత ఆ కాగితాన్ని కొత్త మోడల్ ప్రకటన పక్కన పెట్టి చూడండి. ప్రకటనలోని కొత్త సౌకర్యాల్లో మీ కాగితం మీద ఉన్నవి ఎన్ని? చాలామందికి ఒకటో, సున్నానో వస్తుంది. సున్నా వచ్చిన చోట కొత్త వాచీ కొనడం పాత అవసరానికి రెండోసారి డబ్బు కట్టడమే.

ఫోన్ సంగతి కూడా ఇందులోనే చూసుకోవాలి. ఆపిల్ వాచ్ ఆండ్రాయిడ్ ఫోన్‌తో పనిచేయదు. గెలాక్సీ వాచ్ 4, ఆ తర్వాతివి ఐఫోన్‌తో పనిచేయవు. ఆరు నెలల్లో ఫోన్ ఈ జట్టు నుంచి ఆ జట్టుకు మార్చాలనుకుంటే ఇప్పుడు వాచీ బ్యాటరీ మీద పైసా పెట్టకండి.

ఒక్క చోట మాత్రం లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే నిర్ణయం తీసుకోమంటాను. పిల్లలు డల్లాస్‌లోనో బెంగళూరులోనో, తల్లి గుంటూరులో ఒక్కతే. ఆమె చేతికి వాచీ పెట్టింది సమయం కోసం కాదు. పడిపోతే కనిపెట్టి కబురు పంపుతుందని. ఆపిల్ వాచ్‌లో ఈ సౌకర్యం సిరీస్ 4 నుంచి ఉంది, వయసు 55 లేదా ఆపైన అని నమోదైతే దానంతటదే ఆన్ అవుతుంది. అలాంటి వాచీ సాయంత్రం నాలుగింటికి ఆగిపోతుంటే ఆమె స్నానాల గదికి వెళ్లే రాత్రి వేళ కాపలా లేనట్టే. అక్కడ బ్యాటరీయో, కొత్త వాచీయో, వారం లోపల ఏదో ఒకటి తేల్చేయాలి. రెండు సంగతులు తెలుసుకుని మరీ తేల్చాలి. కబురు పంపాలంటే ఆమె ఫోన్ దగ్గర్లో ఉండాలి, లేదా వాచీకే సిమ్ సౌకర్యం ఉండాలి. అమెరికా నుంచి తెచ్చిన పాత సిమ్ మోడళ్లలో కొన్ని ఇక్కడి నెట్‌వర్క్‌ను అందుకోలేవు, వాటికి ఇక్కడ బ్యాటరీ సేవ దొరుకుతుందో లేదో కూడా సర్వీస్ సెంటర్‌లో ముందే అడగాలి. ఇంకొకటి, ఈ వాచీలు తీసే ఈసీజీ గుండెపోటును కనిపెట్టలేదు. ఛాతీలో నొప్పి వస్తే వాచీ ఏమందో చూడకుండా ఆసుపత్రికి వెళ్లాలని అమ్మకు ముందే చెప్పి ఉంచండి.

ఇక డబ్బు. మీ మోడల్‌కు అసలు ధరలు కనుక్కుని ఈ లెక్క వేయండి. బ్యాటరీ మార్పుకు 6,000 రూపాయలు అడిగారనుకుందాం. వాచీకి ఇంకా రెండేళ్ల సాఫ్ట్‌వేర్ మద్దతు ఉంది. అంటే ఏడాదికి 3,000. కొత్త వాచీ 36,000, ఆరేళ్లు వాడతారు. ఏడాదికి 6,000 అనుకుంటాం, అక్కడే పొరపాటు పడతాం. కొత్త వాచీ బ్యాటరీ కూడా మూడు నాలుగేళ్లకు అరుగుతుంది, దానికీ ఇంకో 6,000 కలపాలి. మొత్తం 42,000, ఏడాదికి 7,000. బ్యాటరీ మార్చడమే చవక, సగానికంటే తక్కువ. అదే వాచీకి ఎనిమిది నెలల మద్దతే మిగిలి ఉంటే? 6,000ను ఎనిమిదితో భాగిస్తే నెలకు 750. కొత్తదానికి నెలకు 583. ఇప్పుడు కొత్తదే చవక. ఎక్స్ఛేంజ్‌లో వచ్చే సొమ్మును కొత్త వాచీ ధరలోంచి తీసేసి లెక్కవేయండి. దుకాణం వాడు ‘దాకా’ అన్న అంకెను కాదు, మీ వాచీని చేత్తో పట్టుకుని చూశాక చెప్పిన అంకెను.

రెండు మూడు వేలకు కొన్న వాచీ విషయంలో ఇంత లెక్క అక్కర్లేదు. వాటికి సరైన బ్యాటరీ దొరకడం కష్టం, దొరికినా కూలితో కలిపి కొత్తదాని ధరలో పెద్ద భాగం అవుతుంది. రోజుకు రెండుసార్లు చార్జ్ చేస్తూ ఆఖరి దాకా వాడుకోవడమే దానికి తగిన గౌరవం. తర్వాత కొనేటప్పుడు మాత్రం బ్యాటరీ మార్పు దొరికే కంపెనీని ఎంచుకోండి.

మార్పించాలని తేలితే ఎక్కడ అన్నది పెద్ద ప్రశ్న. పాత క్వార్ట్జ్ వాచీ అయితే వీధి చివర దుకాణంలో వెనక మూత తీసి ఐదు నిమిషాల్లో సెల్ వేసి ఇచ్చేవారు. స్మార్ట్‌వాచ్ అలా కాదు. చాలా మోడళ్లలో తెరను జిగురుతో అంటిస్తారు. సన్నగా వేడి చేసి జిగురు మెత్తబడ్డాక పలచని పరికరంతో తెరను లేపాలి, కింద వెంట్రుక మందాన ఉన్న కేబుల్ తెగకుండా పక్కకు తిప్పాలి. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల ఇలాంటి పనిలో చెయ్యి తిరిగినవాళ్లు ఉన్నారు. వాళ్ల నైపుణ్యం మీద నాకు గౌరవం ఉంది. అయినా వాచీ చేతికిచ్చే ముందు అడగాల్సినవి అడగాలి. బ్యాటరీ ఏ కంపెనీది, ఎన్ని నెలల గ్యారంటీ, అది బిల్లు మీద రాసిస్తారా? తెర పగిలితే ఎవరు భరిస్తారు? పాత జిగురు గీకేసి కొత్త సీలు వేస్తారా, వేశాక నీరు చొరకుండా ఒత్తిడి పరీక్ష చేసే యంత్రం ఉందా? ఆఖరి ప్రశ్నకు చాలా చోట్ల ‘లేదు’ అనే జవాబు వస్తుంది. అంటే ఆ వాచీతో ఇక ఈత, స్నానం మానేయాలి. వాన చినుకులూ చెమటా తట్టుకోవచ్చు, అంతకు మించి ఆశించకూడదు. ఈత కొట్టేవారికి అధికారిక సర్వీస్ సెంటర్ తప్ప వేరే దారి నేను చెప్పను. విప్పని వాచీలో కూడా నీటిని ఆపే శక్తి శాశ్వతం కాదు. సబ్బు, అత్తరు, ఒంటికి రాసుకునే లోషన్లు సీలును ఏళ్ల తరబడి బలహీనం చేస్తూనే ఉంటాయి.

అధికారిక సెంటర్‌లో కొన్నిసార్లు మీ వాచీ బ్యాటరీ మార్చే బదులు అదే మోడల్ వేరే వాచీని ఇస్తారు. ఆపిల్ వాచ్‌ను ఇచ్చే ముందు ఫోన్‌తో జత విడదీస్తే బ్యాకప్ దానంతటదే తయారవుతుంది. ఎవరో కానుకగా ఇచ్చిన, వెనక పేరు చెక్కించిన వాచీ అయితే అదే వాచీ తిరిగి వస్తుందా అని ముందే అడగండి. పెళ్లిరోజు కానుక మారిపోతే ఏ బిల్లూ ఆ లోటు తీర్చదు. భాగాలు లేవనీ, రిపేరు చేయమనీ మొండికేస్తే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ప్రారంభించిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో కంపెనీల సేవా వివరాలు చూడొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ఈ విషయంలో మంచి రోజులు వస్తున్నాయి కూడా. 2025లో వచ్చిన గూగుల్ పిక్సెల్ వాచ్ 4ను జిగురు బదులు స్క్రూలతో విప్పేలా తయారు చేశారు, బ్యాటరీ, తెర విడివిడిగా మార్చొచ్చు. 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే పరికరాల బ్యాటరీలను, కొన్ని మినహాయింపులతో, వాడేవాళ్లే తీసి మార్చుకోగలిగేలా ఉంచాలన్న నిబంధన అమల్లోకి వస్తుంది. కొత్త వాచీయే కొనాలని తేలినవారు రంగు, తెర వెలుగుతో పాటు ఈ సంగతీ అడగాలి. అప్‌డేట్లు ఎన్నేళ్లు, బ్యాటరీ మార్పు ధర ఎంత, ఎక్కడ చేస్తారు? ఈ జవాబులు దసరా, దీపావళి ఆఫర్లకు ముందే కనుక్కుని ఉంచుకోండి. గడియారం ముల్లు తిరుగుతూ ‘ఇంకా రెండు గంటలే’ అని చూపించే పేజీ ముందు కూర్చుని ఎవరూ బాగా ఆలోచించలేరు. నిరుటి మోడల్ కొంటే డబ్బు మిగులుతుంది, కానీ దాని అప్‌డేట్ల గడువులోంచి ఏడాది అప్పటికే కరిగిపోయి ఉంటుందని కూడా లెక్కేసుకోవాలి.

తెర అంచు లేచినట్టు కనిపించినా, వెనక మూత ఉబ్బినట్టున్నా ఈ లెక్కలన్నీ అక్కడితో ఆపండి. బ్యాటరీ లోపల గ్యాసు చేరిందన్నమాట. చార్జింగ్ పెట్టొద్దు, చేతికి పెట్టుకోవద్దు, తెరను నొక్కి సరిచేయాలని చూడొద్దు. మంట అంటుకునే వస్తువులకు దూరంగా పెట్టి సర్వీస్ సెంటర్‌కు చేర్చండి. అలాంటిదాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన బ్యాటరీలు వెనక్కి చేరేలా చూసే బాధ్యత ఉత్పత్తిదారుల మీద ఉంది, ఆ మాట అడిగే హక్కు మీకుంది.

కొత్తది కొన్నాక పాతది సొరుగులో పడేయడం మన ఇళ్లలో మామూలు. పనిచేసే వాచీని అలా వదిలేస్తే చార్జింగ్ సున్నాకు దిగి, ఆ స్థితిలోనే నెలలు గడిచి, మిగిలిన కాస్త ప్రాణమూ పోతుంది. నాన్నకో, పక్కింటి కాలేజీ అమ్మాయికో ఇవ్వాలనుకుంటే ఈ వారమే ఇవ్వండి. ఇచ్చే ముందు ఫోన్‌తో జత విడదీసి, అకౌంట్ తాళం తీసి, మొత్తం చెరిపేయండి. తాళం తీయకపోతే వాళ్లు వాడలేరు. ఎవరికివ్వాలో ఇంకా తేలకపోతే సగం దాకా చార్జ్ చేసి, ఆపేసి, చల్లని చోట పెట్టి, ఆరు నెలలకోసారి మళ్లీ సగం నింపండి.